గాలికి త్రోవ విడువుడు

వెలిగొండలను దాటి వచ్చు పడమటిగాలి వైశాఖజ్యేష్ఠములలో మర్రిపాడు మండలముపై ఎట్లు వీచునో ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో వేసవి గడపినవారికి వర్ణించి చెప్పనక్కరలేదు. నెల్లూరనగానే సముద్రతీరమును, పచ్చని వరిచేలను తలచుకొను పాఠకులకు మాత్రము, ఈ జిల్లాకు మెట్టభూములతోను, గుట్టలతోను, చిట్టడవులతోను నిండిన పడమటి భాగమొకటి కలదనియు, సముద్రపు చల్లగాలి అచ్చటివరకు చేరదనియు, రోహిణికార్తెలో పగటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలను ముట్టుట అచ్చట వింత కాదనియు ముందుగా తెలుపవలసియున్నది. ఇట్టి సీమలో, రేకుల కప్పు క్రిందనో, ఎండకు కాగిన స్లాబు క్రిందనో, గోడకు చేరవేసిన బల్ల అరలో ఒదిగి, విద్యార్థి ప్రాజెక్టు పనికిని, ఇంటనుండియే ఉద్యోగము చేయు యువకుని కొలువునకును, ఫోటో స్టూడియోవారి పెండ్లి వీడియోలకును, మీ-సేవ కేంద్రపు దరఖాస్తులకును ఆధారమైన డెస్క్‌టాప్ కంప్యూటరు పగలంతయు పనిచేయుచున్నది. అది మధ్యాహ్నము రెండుగంటలవేళ మందగించును. మూడింటికి తెర స్తంభించును. నాలుగింటికి తనంతట తానే ఆరిపోవును.

సిస్టమ్ హ్యాంగగుచున్నదని దానిని దుకాణమునకు గొనిపోయినచో, వైరసు చేరినదనియు, ఫార్మాట్ చేయవలెననియు చెప్పుట పరిపాటి. ఫార్మాటు ముగియును, సాయంకాలపు చల్లదనములో యంత్రము చక్కగా నడచును, యజమాని డబ్బు చెల్లించి, సంతోషించి, ఇంటికి తెచ్చుకొనును, మరునాటి మధ్యాహ్నము మరల పాతకథయే. పోగొట్టుకొన్నది ధనము మాత్రమే యైనచో ఓర్చుకొనవచ్చును గాని, పిల్లల చిన్ననాటి ఛాయాచిత్రములు, నెలల తరబడి కూర్చిన లెక్కలు ఆ ఫార్మాటులో కొట్టుకొనిపోయిన యిండ్లు మా ప్రాంతమున అనేకము. ఇట్లు దుకాణముల చుట్టు త్రిప్పబడుచున్న యంత్రములలో పెక్కింటికి ఊపిరాడకపోవుటయే అసలు రోగమని నా నిశ్చితాభిప్రాయము. వేడిసీమలో కంప్యూటరు కూర్పించుకొనువారు ప్రాసెసర్ ఏదని, ర్యామ్ ఎంతని అడుగుటకు ముందే, పెట్టెలోనికి గాలి ఎటనుండి వచ్చి ఎటు పోవునని అడుగవలెను. ఆ ప్రశ్న అడుగు అలవాటు కొనువారికిని లేదు, దానికి సిద్ధముగా నుండు అలవాటు అమ్మువారికిని లేదు.

విషయము నిగూఢమైనది కాదు. కంప్యూటరు త్రాగు విద్యుచ్ఛక్తి యంతయు, అది చేసిన లెక్కలు ఎంత గొప్పవైనను, తుదకు వేడిగానే పరిణమించును. మూడువందల వాట్లు గ్రహించు పెట్టె మూడువందల వాట్ల పొయ్యియే. ఆ వేడిని మోసికొనిపోవలసిన వాహనము గాలి. గాలికో, మోయుశక్తి మిక్కిలి స్వల్పము. మా వేసవి గదిలో ఒక ఘనమీటరు గాలి తూగు సుమారు 1.1 కిలోగ్రాములు, దానిని ఒక్క డిగ్రీ వేడెక్కించుటకు ఇంచుమించు 1,100 జౌళ్ల శక్తి చాలును. కావున, మూడువందల వాట్ల పెట్టెలోని గాలి గదిలోని గాలికంటె పది డిగ్రీలకు మించి కాగకుండవలెనన్నచో గంటకు దాదాపు 100 ఘనమీటర్ల గాలి, అనగా ఫ్యాన్ల అట్టపెట్టెలపై అచ్చువేయు కొలతలో నిమిషమునకు దాదాపు 60 ఘనపుటడుగుల గాలి, ఆ పెట్టెగుండ ప్రవహింపవలెను. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలోని గాలి సర్వము పావుగంట పైచిలుకులో ఒక్క చిన్న పెట్టెలో దూరి వెలికి రావలెనన్న మాట. గ్రాఫిక్స్ కార్డు లేని సామాన్య గృహస్థుని యంత్రము నూరు వాట్లకు మించి గ్రహింపదు గనుక దానికి ఇందులో మూడవవంతు చాలును. ఆ మూడవవంతునకైనను త్రోవ యుండవలెను గదా.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఫ్యాను చల్లదనమును పుట్టించునని పలువురు తలంతురు. ఫ్యాను గాలిని కదల్చును, అంతే. 42 డిగ్రీల గదిలో ఎన్ని ఫ్యాన్లు తిప్పినను పెట్టెలోని ఏ భాగమును 42కు దిగువకు రాదు. 25 డిగ్రీల గదిలో 75 డిగ్రీల యొద్ద నిలిచిన ప్రాసెసర్ అదే పని, అదే వేగముతో మా మధ్యాహ్నములో 92 డిగ్రీలకు చేరును. నేటి ప్రాసెసర్లలో అనేకములకు 95 నుండి 100 డిగ్రీలు అవధి. ఆ అవధిని తాకగానే అవి ఆత్మరక్షణార్థము తమ వేగమును తామే తగ్గించుకొనును, అప్పటికిని వేడి దిగకున్నచో ఆరిపోవును. చల్లని దేశపు గదిలో పెట్టెను కూర్చువానికి పొరపాటు చేయుటకు ఇరువది డిగ్రీల వెసులుబాటు కలదు. మర్రిపాడులో కూర్చువానికి అది లేదు. మదర్‌బోర్డుమీదను, ఎస్ఎంపీఎస్ అను విద్యుత్ సరఫరా పెట్టె లోపలను ఉండు ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విషయము మరియు శోచనీయము. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినకొలది వాని ఆయుష్షు సగమగునన్నది ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు చిరకాలముగా పాటించుచున్న లెక్క. ఏడెనిమిదేండ్లు నడువవలసిన యంత్రము మూడేండ్లకే మూలబడుట కర్మఫలము కాదు, వేడిఫలము.

గాలికి త్రోవ విడుచు ధర్మము మన పెద్దలకు తెలియనిది కాదు. మిద్దెయిండ్లు కట్టినవారు వంటింటి కప్పులో గవాచి విడిచి, దానికెదురుగా క్రిందుగా ద్వారబంధమును నిలిపి, వేడిగాలి తేలికయై పైకెక్కి పోవుటకును, చల్లనిది క్రిందుగా వచ్చి దాని చోటు నింపుటకును త్రోవ కల్పించిరి. గవాచి యుండి తలుపు మూసినను, తలుపు తెరచి గవాచికి రాయి కప్పినను పొగ కదలదు. కంప్యూటరు పెట్టెకును రెండు ద్వారములు కావలెను: వచ్చుటకొకటి, పోవుటకొకటి, నడుమ అడ్డములేని బాట.

యంత్రములు గొప్పవై గదులనిండ పరచుకొనియున్న కాలములో ఈ చింత యజమానికి లేకుండెను. 1946లో ఫిలడెల్ఫియాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ సుమారు పదునెనిమిదివేల వాక్యూమ్ ట్యూబులతో నూటయేబది కిలోవాట్ల విద్యుత్తును గ్రహించినను, దానిలోనికి గాలిని నెట్టు బ్లోయర్లను దాని నిర్మాతలే అమర్చిరి. మన తెలుగునేల సంగతియే చూడుడు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967లో హైదరాబాదున వెలసిన ఈసీఐఎల్, ట్రాంబే అణుకేంద్రములో రూపొందిన టీడీసీ-12 మొదలుగా భారతీయ కంప్యూటర్లను నిర్మించెను. ఆ తరపు యంత్రములకు శీతలీకృతమైన ప్రత్యేక గది, ఆ గదికొక కావలి, లోపలకు పోవువారు పాదరక్షలు విడుచు ఆచారము ఉండెడివి. మనుష్యులు ఉక్కలో కూర్చున్నను యంత్రమునకు చల్లని గది దక్కెను. పర్సనల్ కంప్యూటరు వచ్చిన పిమ్మట ఆ మర్యాద పోయినది. యంత్రము మన యింటికి వచ్చి, మనము పీల్చు గాలినే పీల్చుచు, మనము ఓర్చు వేడినే ఓర్చవలసినదైనది. మొదట అది పెద్ద కష్టము కాలేదు. 1993 నాటి తొలి పెంటియం పదునైదు వాట్ల ప్రాంతముననే యుండెను. 2022లో వెలువడిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటియే 450 వాట్లు కోరును.

1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ నమూనాయే నేటికిని మన పెట్టెలకు అస్థిపంజరము. దాని తొలి భావనలో ఎస్ఎంపీఎస్ ఫ్యాను వెలుపలి గాలిని లోనికి పీల్చి ప్రాసెసర్‌పైకి విసరవలెనని యుండెను. వేడియెక్కిన గాలినే ప్రాసెసర్‌పైకి పంపుట తగదని తోచి, కొలదికాలముననే ఆ ఫ్యానును గాలిని వెలికి నెట్టునట్లు మార్చిరి. 2004లో ప్రెస్కాట్ అను పేరుగల పెంటియం-4 కొన్ని రూపములలో నూరు వాట్లను మించెను; ఆ కాలముననే ఇంటెలువారు పెట్టెపక్క తలుపునకు రంధ్రము చేసి, ప్రాసెసర్ ఫ్యానునకెదురుగా గొట్టమమర్చు పద్ధతిని ప్రబోధించిరి. గది 35 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ ఫ్యాను చెంతకు చేరు గాలి 38 డిగ్రీలను మించరాదని ఆ పద్ధతి నిర్దేశించెను. పాఠకులు ఈ సంఖ్యలను ఒక్కసారి నిలిచి చూడవలెనని నా ప్రార్థన. కోట్లకొలది యంత్రములకు ప్రమాణము నిర్ణయించినవారు పెట్టె లోపల ఏ ఉష్ణోగ్రతను అవధిగా నెంచిరో, మా గదిలోని గాలి పెట్టె వెలుపలనే ఆ ఉష్ణోగ్రతను దాటియున్నది. ప్రమాణములు మన వేసవిని ఎరిగి వ్రాయబడలేదు. కావున దానిని ఎరిగి సవరించుకొను భారము మనదియే. అటుపిమ్మట గాలికి తిన్నని బాట నిచ్చునట్లు ప్రాసెసరును ముందుకు జరిపి బీటీఎక్స్ అను నూతన నమూనాను కూడ వారే తెచ్చిరి; అది నిలువలేదు, 2006లో విరమించిరి. త్రోవను గూర్చిన ఆలోచన మాత్రము సరియైనదే.

ఇక ఆచరణమునకు వత్తము. పెట్టె ముందుభాగమున క్రిందుగా గాలి ప్రవేశింపవలెను; వెనుక, పైభాగమున నిర్గమింపవలెను. ముందు ఒకటియో రెండో ఫ్యాన్లు లోనికి, వెనుక ఒకటి వెలికి: సామాన్యమైన యింటి యంత్రమునకు ఇంతకుమించి అక్కరలేదు. ఫ్యాను గాలిని ఏ వైపునకు తోయునో ఎరుగనివారు దాని చట్రమును చూడుడు. నడుమనున్న మోటారును పట్టియుంచు పుల్లలవంటి కడ్డీలు ఏ ముఖమునగలవో ఆ ముఖమునుండి గాలి వెలువడును. ముందు ఫ్యానును తిరగవేసి బిగించుటచే రెండును వెలికి తోయుచు, పెట్టె లోపలికి గాలి సందుగొందుల దుమ్ముతో కలిసి దూరుచున్న యంత్రములు నా కంటబడినవి యెన్నియో. చిన్న ఫ్యాను వడిగా తిరుగుటకంటె పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరుగుట శ్రేయము. 140 మిల్లీమీటర్ల ఫ్యాను వైశాల్యము 80 మిల్లీమీటర్లదానికి మూడింతలు. అదే గాలిని తక్కువ వేగముతో తోలును, రొద తగ్గును. ఫ్యాను వేగమును సగము చేసినచో గాలి సగమగును గాని అది గ్రహించు శక్తి ఎనిమిదవవంతునకు దిగును. కావున వడిగా తిరుగు ఒక్కదానికంటె నింపాదిగా తిరుగు రెండు మేలు. అట్టపెట్టెపై వ్రాసిన కొలత అడ్డములేని చోట తూచినదని మరువరాదు. జాలియు, వడపోతయు, తీగెల చిక్కును దాటివచ్చునప్పటికి అది చాల క్షీణించును.

తీగెల మాట వచ్చినది గనుక చెప్పెద. ఎస్ఎంపీఎస్ నుండి వెలువడు తీగెల మోపును ముందు ఫ్యానునకు ఎదురుగా కుక్కి తలుపు మూయుట మన దుకాణములలో నిత్యకృత్యము. మదర్‌బోర్డు పలకకు వెనుకనున్న సందులో వానిని త్రిప్పి కట్టుటకు పట్టు కాలము పావుగంట. ఆ పావుగంట పనికి వందరూపాయలెక్కువ అడిగినను ఇచ్చుట న్యాయము. అడుగకయే చేయు పనివాని చేతికి నమస్కరింపవచ్చును. ప్రాసెసరునకును, దాని వేడిని లాగికొను హీట్‌సింకునకును నడుమ పూయు థర్మల్ పేస్టు బఠాణిగింజంత చాలును. కొన్నేండ్లకది ఎండి పెళుసగును గనుక మరల తుడిచి పూయవలెను. గాలి నిజముగా ఏ దారిని పోవుచున్నదో తెలిసికొనుటకు పరికరములు కొననక్కరలేదు. అగరువత్తి వెలిగించి పెట్టె ముందు, వెనుక, పైన, పక్కల సందులయొద్ద పట్టి పొగను గమనించినచో చాలును. వెనుకనుండి వెలువడిన పొగ బల్లయర గోడకు తగిలి మరల ముందునకు వచ్చి లోనికి పోవుట అనేకులకు అప్పుడు గాని తెలియదు.

ఈ బల్లయర మన యిండ్లలో ఒక ప్రత్యేకమైన అపకారి. కంప్యూటరు బల్లలు చేయువారు పెట్టెకని మూడువైపుల పలకలు కొట్టి, నాలుగవవైపు తలుపు కూడ పెట్టి, అందముగా అర నొకటి నిర్మింతురు. విడిచిన వేడిగాలినే యంత్రము మరల మరల పీల్చుచుండును. వెనుకపలకను ఊడదీయుడు, వీలైనచో పెట్టెను బల్లమీదనే, గోడకు జానెడు దూరమున నిలుపుడు. నేలమీద నిలిపినచో చీపురు లేపిన దుమ్మంతయు దానికే. దుమ్ము పడకుండునని యంత్రము నడచుచుండగనే గుడ్డ కప్పువారును కలరు. వారి శ్రద్ధ మెచ్చదగినదే గాని, ఆ గుడ్డ యంత్రము ఆరిన పిమ్మట కప్పవలసినది. పక్క తలుపు ఊడదీసి టేబుల్‌ఫ్యాను పెట్టు పద్ధతియు వాడుకలో నున్నది. తత్కాలమునకు ఉష్ణోగ్రత దిగుమాట నిజమే. ఆపత్సమయమున నేనును కాదనను. కాని వడపోతలేని గాలితోడి దుమ్ము రెక్కలసందులలో పేరుకొనును, రాత్రివేళ దీపపు పురుగులు చేరును, వానివెంట బల్లి చేరును.

దుమ్ము విషయమున మర్రిపాడు ప్రాంతపు యంత్రములకు పరీక్ష కఠినమైనది. నెల్లూరునుండి బద్వేలు మీదుగా పడమటికి సాగు జాతీయరహదారిమీద లారీలు లేపు ధూళి ఒకవైపు, వానలేని నెలలలో మెట్టపొలములనుండి లేచు సన్నని మట్టి మరొకవైపు. ఆ మట్టి హీట్‌సింకు రేకుల నడుమ దూది తెట్టువలె పట్టి, గాలికి గోడ కట్టును. దీనికి ఉపాయము కలదు. లోనికి తోయు గాలి వెలికి తోయు గాలికంటె కొంచెము ఎక్కువగా నుండునట్లు ఫ్యాన్లను అమర్చినచో, మిగులు గాలి సందులగుండ వెలుపలికే పోవును. దుమ్ము ఆ సందులగుండ చొరబడజాలదు. వచ్చిన దుమ్ము ముందు జాలివడపోతమీదనే చిక్కును. దానిని పక్షమునకొకమారు తీసి, కడిగి, నీడన ఆరబెట్టి, పొడియైన తరువాత తిరిగి బిగింపవలెను. లోపలి దుమ్మును ఏటికి రెండుమారులైనను, తీగె ప్లగ్గునుండి తీసి, పెట్టెను ఆరుబయటకు గొనిపోయి బ్లోయరుతో ఊదవలెను. ఊదునప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో కదలకుండ పట్టుట మరువరాదు. బ్లోయరు వడికి అవి గిరగిర తిరిగినచో బేరింగులు చెడును, మోటారు డైనమోవలె విద్యుత్తును పుట్టించి బోర్డునకు కీడు చేసినను చేయును.

నీటితో చల్లార్చు కూలరు కొన్నచో ఈ బాధలన్నియు తీరునని కొందరు యువకులు వాదింతురు. నీరు వేడిని ప్రాసెసర్‌నుండి రేడియేటరువరకు మాత్రమే మోయును. అచ్చటినుండి దానిని గొనిపోవలసినది మరల ఆ 42 డిగ్రీల గాలియే. త్రోవలేని పెట్టెలో వేలరూపాయల కూలరును బిగించుటకంటె త్రోవ గల పెట్టెలో కొన్నివందల ఫ్యాను బిగించుట మేలని నేను నిస్సంకోచముగా చెప్పుదును. ఎయిర్ కండిషనరు ఉన్నవారి మాట వేరు; అప్పుచేసి కుమారునకు కంప్యూటరు కొన్న రైతునకు ఆ సలహా ఇచ్చువారు అతని కరెంటు బిల్లును తలచుకొనవలెను.

దుకాణదారులతో నాకు పేచీ గలది ఇచ్చటనే. ఆత్మకూరులోగాని, నెల్లూరులోగాని, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోగాని నేడు అద్దాలలో మొదట మెరయునవి ముందుభాగమంతయు గాజుపలకతో మూసి, లోపల రంగురంగుల దీపములు వెలిగించిన క్యాబినెట్లు. గాజు గాలిని రానీయదు. దీపముల రంగుచేత ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీయు దిగదు. ముందు జాలిగల సాదా క్యాబినెట్టు అదే వెలకో, అంతకు తక్కువకో దొరకుచుండగా, ఎరుగని గ్రామీణునకు ఆ గాజుపెట్టెను అంటగట్టుట వర్తకధర్మము కాదు. సొగసు కోరుకొను హక్కు పిల్లలకు కలదు. నష్టమేమో చెప్పి యమ్మవలసిన బాధ్యత పెద్దలకు కలదు.

ఇది ఒక్క గృహస్థుల విషయము కాదు. 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామసచివాలయములతో రాష్ట్రములో ప్రతి పెద్దయూరికిని కంప్యూటర్లు చేరినవి. పాఠశాలలందును, కళాశాలలందును, బ్యాంకులందును అవి కలవు. పింఛనుకో, ధ్రువపత్రమునకో ఎండనబడి వచ్చిన వృద్ధురాలికి సిస్టమ్ పనిచేయుటలేదు, రేపు రమ్మను మాట వినబడునప్పుడు, ఆ మాట వెనుక కొన్నిసార్లు పిడికెడు దుమ్ము మాత్రమే యుండును. ఏటేట మెయింటెనెన్సు ఒప్పందములు వ్రాసికొను అధికారులు అందులో ఫాల్గుణమున ఒకమారు, వేసవి ముగిసిన పిమ్మట ఒకమారు లోపలి దుమ్ము దులుపవలెనని ఒక షరతు చేర్చిన చాలును. క్రొత్తవి కొనునప్పుడు ముందు జాలియు, ఊడదీసి కడుగదగిన వడపోతయు, రాకపోకల ఫ్యాన్లును ఉండవలెనని టెండరులోనే పేర్కొనవలెను. పరీక్షించి స్వీకరించు పద్ధతియు మారవలెను. సరఫరాదారు తెచ్చిన యంత్రమును ఉదయమున ఏసీ గదిలో అయిదు నిమిషములు నడిపి సంతకము చేయుట మాని, అది పనిచేయబోవు గదిలోనే, మధ్యాహ్నము రెండుగంటలకు, కిటికీలు యథాస్థితిలో నుంచి, గంటసేపు పూర్తి పనిభారముతో నడిపించి, ప్రాసెసర్ ఉష్ణోగ్రతను తెరమీద చూపించుమని అడిగి, అది అవధికి లోబడియున్నప్పుడే బిల్లుపై సంతకము చేయవలెను.